చేతిలో పద్యం పట్టుకుని కడప తిరగడం ఎలా

భీమిలికో బందరుకో పోతే సముద్రం పక్కన నడిపిస్తూ, ఇదిగో డచ్చివాళ్ల సమాధులు, అదిగో ఫలానా కవి ఉన్న వీధి అని చెప్పేవాళ్లు దొరుకుతారు. గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి ఏం చెప్పినా వినబుద్ధేస్తుంది. కడపకు ఆ సుఖం లేదు. మనకున్నదల్లా బుగ్గవంక, అదీ వానాకాలం దాటితే మురికికాలువలాగే కనిపిస్తుంది. కానీ సీపీ బ్రౌన్ బందరులో కూడా పనిచేసినా, బంగళా కొని పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు దిద్దించింది కడపలో. అన్నమయ్య పాడిన దేవుడు కడపలో ఉన్నాడు. పోతన భాగవతాన్ని అంకితమిచ్చిన రాముడు మావాడేనని పోట్లాడే ఒంటిమిట్ట పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇన్ని ఉన్న ఊళ్లో ఒక రోజంతా నడిచి చూడటానికి ఏం చేయాలో చెప్తాను. నేను మూడుసార్లు మిత్రులను తిప్పాను. మొదటిసారి పూర్తిగా చెడగొట్టాను కాబట్టి, ఏం చేయకూడదో కూడా బాగానే తెలుసు.

1. ముందు కాగితాలు

సాహిత్య నడక అనగానే అందరూ చోట్ల జాబితా రాసుకుంటారు. చోట్లు తర్వాత. ముందు ఏం చదవాలో తేల్చుకోండి. కవి పుట్టిన ఇల్లు అని పోతే అక్కడ మూడంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంటుంది. దాన్ని చూసి ఏం చేస్తాం? ఆ చోట నిలబడి నాలుగు లైన్లు గట్టిగా చదివితేనే వచ్చిన పని అయినట్టు. చదవకపోతే అది ఎండలో తిరగడమే.

ఒక రోజుకు నాలుగైదు పాఠాలు చాలు. నా లెక్క ఇది: దేవుని కడప మీద అన్నమయ్య కీర్తన ఒకటి, వేమన పద్యాలు మూడు, పుట్టపర్తి నారాయణాచార్యుల కావ్యం నుంచి ఒక ఖండిక, కేతు విశ్వనాథరెడ్డి కథలో ఒక పేజీ, చివర పోతన పద్యం. మీకు వేరేవి నచ్చితే మార్చుకోండి. పది పెట్టుకుంటే మాత్రం ఐదో దాని దగ్గరే అందరూ ఫోన్లు తీస్తారు.

పెద్ద అక్షరాలతో, ఒక్కో పాఠం ఒక్కో కాగితం మీద, ఒకవైపే జిరాక్స్ తీయించండి. తీయించాక షాపులోనే నిలబడి ప్రతి కాగితం అడుగు దాకా చూసుకోండి. నేను చూసుకోలేదు. వేమన పద్యాల కాగితంలో అడుగు భాగం కోసుకుపోయింది. ఎర్రముక్కపల్లిలో చెట్టు కింద నిలబడి మా చెల్లెలి కూతురు మూడు లైన్లు చదివి, కాగితం తిప్పి చూసి, ‘మామా, నాలుగోది లేదు’ అంది. అంతలో పద్నాలుగు మందీ ఒకేసారి ‘విశ్వదాభిరామ వినురవేమ’ అన్నారు. పోయింది ఆ ఒక్క లైనే కాబట్టి బతికిపోయాను. అదే పోతన పద్యంలో అయివుంటే పరువు పోయేది.

ఎవరు ఏది చదవాలో ముందు రోజే చెప్పేయండి. పుట్టపర్తివారి శివతాండవం తీసుకునేవాళ్లు ఇంట్లో తలుపేసుకుని రెండుసార్లైనా చదువుకుని రావాలి. తాళం పట్టుకోకుండా చదివితే అది రేషన్ కార్డులో పేర్లు చదివినట్టుంటుంది. ఆయన ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణాలు చేస్తూ కట్టుకున్న కావ్యం అది. నడక అందులోనే ఉంది.

2. గైడును వెతకడం

కడపలో ఈ పనికి సరైన మనిషి రిటైరైన తెలుగు అయ్యోరు. కాలేజీ లెక్చరరైనా సరే, హైస్కూల్ పండితుడైనా సరే. ఎలా కనిపెట్టాలంటే, ఊళ్లో ఏదో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్లండి. స్టేజీ మీద ఉన్నవాళ్లను వదిలేయండి. మూడో వరుసలో కూర్చుని, వక్త పద్యం తప్పు చదివినప్పుడు పక్కవాడి చెవిలో సరిచేసే పెద్దాయన ఒకరు ఉంటారు. ఆయనే మీ గైడు.

అడిగేటప్పుడు ‘మాకు ఊరు చూపించండి సార్’ అనకండి. ‘ఫలానా నాలుగు పాఠాలు ఫలానా చోట్ల చదువుకుంటాం, మీరు వచ్చి తప్పులు దిద్దాలి’ అనండి. తప్పులు దిద్దమంటే మన అయ్యోర్లు కాదనరు. మీ కాగితాలు ఆయనకు వారం ముందే ఇచ్చేయండి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో ఆయననే చెప్పమనండి, కానీ ఒక్కోచోట ఇరవై నిమిషాలు దాటకూడదని ముందే మర్యాదగా చెప్పండి. లేదంటే మొదటి మెట్టు మీదే మధ్యాహ్నమైపోతుంది.

డబ్బు సంగతి సిగ్గుపడకుండా తేల్చుకోండి. మనవాళ్లకు శాలువా కప్పి పంపించే అలవాటు ఉంది. ఆ సార్ ఇంట్లో బీరువా నిండా శాలువాలే ఉంటాయి. రోజంతా నడిచిన మనిషికి కవర్లో డబ్బు పెట్టి ఇవ్వండి. ఇంటి దగ్గర ఆటో ఎక్కించుకుని, మళ్లీ ఇంటి దగ్గరే దించండి. మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా ముందే కనుక్కోండి. కొన్ని ప్రశ్నలు అడగడానికి మొహమాటంగా ఉంటుంది, కానీ మెట్ల దగ్గర ఆయన ఆగిపోయాక తెలుసుకునే కన్నా నయం.

3. ఎప్పుడు, ఎంతమంది

డిసెంబరు, జనవరి. అంతకుమించి ఆలోచించకండి. మొదటిసారి నేను ఏప్రిల్‌లో, అదీ పొద్దున పది గంటలకు మొదలుపెట్టాను. పదకొండున్నరకు సగం మంది చెరుకురసం బండి దగ్గర ఉన్నారు, మిగతా సగం వాళ్లను వెతకడానికి పోయారు. నవంబరు 10 బ్రౌన్ జయంతి కదా, ఆ రోజు బాగుంటుందని అనిపిస్తుంది గానీ, నవంబరంటే తుపాన్ల నెల. నేనైతే ఆ తేదీని నమ్ముకోను.

పది, పన్నెండు మంది హద్దు. గొంతు అందరికీ వినబడాలి, మైకు వాడకూడదు. మైకు పట్టుకుంటే పద్యం కాస్తా ప్రచారమైపోతుంది, వీధిలో వాళ్లు ఏ పార్టీ అని అడుగుతారు. టోపీ, నీళ్లు, మంచి చెప్పులు. గుడి, దర్గా రెండింటికీ పోతాం కాబట్టి విప్పడానికి సులువుగా ఉండేవి వేసుకోండి.

4. పొద్దున ఆరున్నరకు దేవుని కడప

ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఊరికి పేరొచ్చిందే ఈ చోటు వల్ల అంటారు. తిరుమలకు పోయేవాళ్లు ముందు ఇక్కడి లక్ష్మీవేంకటేశ్వరుణ్ణి చూసి పోయేవాళ్లు, అంటే కొండకు ఇది గడప, గడపే కడపయింది అన్నది ఒక మాట. కృపాచార్యుడు ప్రతిష్ఠించాడు కాబట్టి కృపాపురి, అదే కడప అయింది అన్నది ఇంకో మాట. గైడు రెండూ చెప్పాలి. ఒకటే చెప్తే రెండోది అడగండి.

గుళ్లోకి పోయి దర్శనం చేసుకుని బయటికి వచ్చాక, దారికి అడ్డం లేకుండా నీడలో నిలబడి అన్నమయ్య కీర్తన తీయండి. ఆయన ఈ దేవుణ్ణి కడపరాయడు అని పిలిచాడు. పాడగలిగేవాళ్లు ఉంటే పాడమనండి, లేకపోతే మామూలుగా చదవండి. నా సలహా ఏంటంటే, రెండోసారి చదివేటప్పుడు రాగం వదిలేసి మాటలే చదవాలి. క్యాసెట్లలో విని విని మనకు ట్యూన్ గుర్తుంది, మాట గుర్తులేదు. పదిహేనో శతాబ్దపు మనిషి కడపను ఎంత చనువుగా పిలుస్తున్నాడో అప్పుడే చెవికెక్కుతుంది.

ఉగాది రోజు ఇక్కడికి ముస్లిం కుటుంబాలు టెంకాయలు పట్టుకుని వస్తాయి. వేంకటేశ్వరుడి భార్య బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అన్న వరస వాళ్లది. ఈ సంగతి ఇక్కడే చెప్పించుకోండి, తర్వాత దర్గా దగ్గర పనికొస్తుంది. రథసప్తమికి తేరు ఉంటుంది, ఆ రోజు మాత్రం నడక పెట్టుకోకండి. తేరు చూడటానికి పోండి, అది వేరే సంగతి.

5. ఉగ్గాని, తర్వాత పాత ఊరు

ఆటోల్లో వన్ టౌన్‌కు రండి. ముందు టిఫిన్. బొరుగులు నానబెట్టి పిండి, తిరగమాతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి. లేదా ఎర్రకారం పూసిన దోసె. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉగ్గానిని ఉప్మాలాంటిది అంటే సర్దిచెప్పే పని గైడుది కాదు, మీది.

తిన్నాక నడక. మోచంపేట వైపు పోతే పుట్టపర్తి నారాయణాచార్యులవారు కాపురమున్న వీధులు వస్తాయి. పుట్టింది అనంతపురం జిల్లా చియ్యేడు, 1914లో. పెరిగింది పెనుగొండలో. ఆ ఊరి శిథిలాల మీద పన్నెండేళ్ల వయసులో రాసిన పెనుగొండ లక్ష్మి, తర్వాత ఆయన కూర్చున్న విద్వాన్ పరీక్షకే పాఠ్యపుస్తకమైంది. ఈ కథ గైడు చెప్పకుండా ఉండడు, మీరు కొత్తగా వింటున్నట్టు మొహం పెట్టండి.

ఇల్లు ఏదని వెతుక్కుంటూ ఎవరి గేటూ తట్టకండి. ఒకసారి మేం వీధి మలుపులో నిలబడి శివతాండవం మొదలుపెట్టగానే పక్కింటి పెద్దమ్మ బయటికి వచ్చి, ‘ఎవరు కావాల్నప్పా?’ అంది. ఎవరూ వద్దమ్మా, పద్యం చదువుకుంటున్నాం అన్నాం. ‘దానికి రోడ్డు మీద యాల? లోపలికొచ్చి కూర్చోండి’ అని తిన్నె చూపించింది. నాపరాతి తిన్నె, పొద్దున పూట చల్లగా ఉంది. అక్కడ కూర్చుని చదివిందే ఆ రోజు మొత్తానికి బాగా కుదిరింది. ఎవరైనా పిలిస్తే కూర్చోండి, పిలవకపోతే గొంతు తగ్గించుకుని ఐదు నిమిషాల్లో కదలండి. అది వాళ్ల వీధి.

పెద్ద దర్గాకు తలకు గుడ్డ కట్టుకుని పోవాలి, రుమాలు మరిచిపోకండి. లోపల మన పద్యాలేవీ చదవొద్దు. అక్కడి నిశ్శబ్దం అక్కడిదే. ఇక్కడ గైడు చెప్పాల్సింది, ఈ ఊళ్లో తెలుగుతో పాటు ఉర్దూ కవిత్వం కూడా బతికిందని. ఉరుసుకు ముషాయిరా, అంటే ఉర్దూ కవుల సభ, జరుగుతుంది, దాన్ని వినడానికి రాత్రంతా కూర్చునేవాళ్లున్నారు. మీ గుంపులో ఉర్దూ వచ్చినవాళ్లుంటే బయటికి వచ్చాక ఒక షేర్, అంటే రెండు పాదాల పద్యం, చెప్పించుకోండి, అర్థం కూడా వాళ్లనే చెప్పమనండి.

ఏడు రోడ్ల దగ్గరికి వచ్చాక, టీ తాగుతూ కేతు విశ్వనాథరెడ్డి పేజీ తీయండి. ఆయన కథకుడిగా అందరికీ తెలుసు, 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. కడప జిల్లా ఊరి పేర్ల మీద పరిశోధన చేశాడని తక్కువమందికి తెలుసు. టీ అయిపోయేలోగా ప్రతి ఒక్కరూ తమ సొంత ఊరి పేరు చెప్పి, పల్లె, పాడు, కుంట, గడ్డ, మిట్ట, ఏది తగిలిందో చూసుకోవాలి. ఇది ఆటలాగే ఉంటుంది గానీ, ఊరి పేరు చివర చెరువు కనిపించి, ఊళ్లో చెరువు కనిపించని వాళ్లు ఇద్దరు తేలతారు. అప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడరు.

6. పొగడ్తలు ఎక్కువైనప్పుడు

ఈపాటికి గైడు అందరినీ మహాకవి, మహానుభావుడు అనేసి ఉంటాడు. అప్పుడు రాచమల్లు రామచంద్రారెడ్డిని బయటికి తీయాలి. రా.రా. 1968లో కడప నుంచే సంవేదన పత్రిక మొదలుపెట్టాడు. మొహమాటం అన్నది తెలియని విమర్శకుడు. ఆయన పేరు చెప్పి, ఇంతవరకూ చదివినవాటిలో మీకు నచ్చనిది ఏదో, ఎందుకో చెప్పండి అని ఒక్కొక్కరినీ అడగండి. గైడు సార్‌ను చివర్న అడగండి. ముందే ఆయన మాట్లాడితే ఇంకెవరూ నోరు విప్పరు. దీనికి ప్రత్యేకంగా చోటు అక్కర్లేదు, ఆటో కోసం నిలబడ్డ చోటే చాలు.

7. బ్రౌన్ లైబ్రరీ

ఎర్రముక్కపల్లిలో ఉంది. ఆటోవాళ్లకు బ్రౌన్ లైబ్రరీ అంటే చాలు. అసలు పేరు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఏ రోజు తెరిచి ఉంటుందో, గుంపుగా రావచ్చో లేదో ముందు రోజే ఎవరో ఒకరు పోయి కనుక్కుని రావాలి. తాళపత్రాలు చూపించమని అడగాలంటే ఇంకా ముందే చెప్పుకోవాలి.

గేటు బయటే కథ విని లోపలికి పోండి. బ్రౌన్ 1820 ఆగస్టులో కలెక్టరు దగ్గర అసిస్టెంటుగా కడపకు వచ్చాడు, అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా లేవు. తర్వాత ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధ ప్రతులు రాయించాడు. ఆ వ్యవహారమంతా చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. ఆ బంగళా పోయింది. అది ఉన్న చోటే ఇప్పటి లైబ్రరీ. దాన్ని నిలబెట్టడానికి జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఏళ్ల తరబడి ఊరంతా తిరిగి చందాలు పోగుచేశారు. 1995లో తలుపులు తెరుచుకున్నాయి.

ఇక్కడ గైడుతో కొంచెం పేచీ పెట్టుకోవచ్చు. చచ్చిపోయిన తెలుగు సాహిత్యాన్ని నేను లేపి నిలబెట్టాను అన్న అర్థంలో బ్రౌన్ రాసుకున్నాడు. దాన్ని మన వక్తలు కళ్లు మూసుకుని అప్పజెప్తుంటారు. చేయించింది ఆయనే, డబ్బు పెట్టిందీ ఆయనే, అప్పులపాలైందీ ఆయనే, కాదనను. కానీ ఆకు ముందు కూర్చుని కళ్లు పోగొట్టుకున్న పండితుల పేర్లు చెప్పమంటే ఎంతమంది నాలుగు పేర్లు చెప్తారు? అడిగి చూడండి.

తాళపత్రం చూసే అవకాశం వస్తే తొందరపడొద్దు. నీళ్ల సీసా సంచిలో పెట్టేయండి, చేత్తో ముట్టుకోకండి. ఆకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తాడు దూర్చడానికి చిల్లు కనిపిస్తుంది. అక్షరాలు సిరాతో రాసినవి కావు, ఘంటంతో గీసినవి, తర్వాత మసి పూస్తే గీతల్లో నల్లగా దిగబడినవి. పద్యం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కనబడదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, లైన్లు విరగ్గొట్టరు, ఆకు అంచు దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. అందులోంచి ఒక్క మాట పట్టుకోవడానికి మా గుంపుకు పది నిమిషాలు పట్టింది. కూడబలుక్కుని ఒక్కో అక్షరం చదువుతుంటే ఎవరికో ‘గాని’ అన్న రెండక్షరాలు దొరికాయి. లాటరీ తగిలినంత సంబరం.

ఆ తర్వాత బయటికి వచ్చి చెట్టు నీడలో వేమన పద్యాలు చదవండి. బ్రౌన్ వేమనను అచ్చువేసింది 1829లో. ఇప్పుడు మీ చేతిలో ఉన్న జిరాక్సు కాగితం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో విడమరిచి చెప్పాల్సిన పనుండదు.

8. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఒంటిమిట్ట

సంగటి, చెనిక్కాయల చట్నీ తిని రెండు గంటలు పడుకోండి. ముఖ్యంగా గైడు సార్‌ను పడుకోనివ్వండి. మూడున్నరకు రాజంపేట రోడ్డు పట్టుకుంటే నాలుగున్నర లోపే గుడి ముందుంటారు. వ్యాన్‌లో పోతన ఎక్కడివాడన్న గొడవ వస్తుంది, రాక తప్పదు. ఓరుగల్లు వైపు బమ్మెరవాళ్లు మావాడంటారు, ఒంటిమిట్టవాళ్లు మావాడంటారు. పండితులే తేల్చుకోలేదు, వ్యాన్‌లో తేలదు. నేను చెప్పేది ఒక్కటే: పద్యం కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్ల మాట ఆ సాయంత్రానికి చెల్లుతుంది.

గుళ్లో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు లేడు. 1652లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ గోపురాన్ని మెచ్చుకున్నాడు. రంగమండపంలో ముప్పై రెండు స్తంభాలు, పోతన విగ్రహం కూడా ఉంది. బయట ఇమాంబేగ్ బావి. పిలిస్తే రాముడు పలుకుతాడా అని పరీక్షించి, పలికాడని నమ్మి, నీళ్లకు కష్టపడుతున్న ఊరికి బావి తవ్వించిన ముస్లిం అధికారి ఈ ఇమాంబేగ్ అని కథ. పొద్దున దేవుని కడపలో విన్న మాట ఇక్కడ మళ్లీ ఎవరికో ఒకరికి గుర్తొస్తుంది.

ఇంకొక మనిషి పేరు ఇక్కడ తప్పకుండా చెప్పించండి. వావిలికొలను సుబ్బారావు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా చేసి, అన్నీ వదిలేసి, టెంకాయ చిప్ప చేతబట్టుకుని ఊరూరా అడుక్కుని ఈ గుడిని బాగుచేయించాడు. ఆ చిప్ప మీదే శతకం కూడా రాశాడు. పొద్దున హనుమచ్ఛాస్త్రిగారి చందాలు, సాయంత్రం సుబ్బారావుగారి చిప్ప. ఈ జిల్లాలో సాహిత్యం నిలబడాలంటే ఎవరో ఒకరు చెయ్యి చాచాల్సిందే అని మా గైడు సార్ నవ్వుతూ అన్నారు.

పోతన పద్యం గుడి బయట, ఎండ తగ్గాక చదవండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం రాకండి. రాత్రి వెన్నెల్లో జరిగే కల్యాణానికి వచ్చే జనంలో మీ పద్యం మీకే వినబడదు.

రెండో రోజు దొరికితే రెండు దార్లున్నాయి. రాజంపేట దగ్గర తాళ్లపాక అన్నమయ్య సొంతూరు, ఒంటిమిట్ట మీదుగానే పోవాలి. రెండోది ఎర్రగుంట్ల మండలం కలమళ్ల. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం ఆ ఊరి చెన్నకేశవస్వామి గుడిదే, 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించినది. అరిగిన రాతిని చూసి చదవగలమని ఆశపడకండి, శాసన పాఠం అచ్చులో తీసుకుపోండి. అందులో ‘ఏళన్’ అన్న మాట దగ్గర వేలు పెట్టండి. ‘ఏలగా’ అని. పద్నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా మన నోట్లోనే ఉంది. చుట్టూ చూస్తే థర్మల్ పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. పిల్లలకు తాళ్లపాక కన్నా కలమళ్లే నచ్చుతుంది, ఎందుకో మరి.

తిరిగి వచ్చేటప్పుడు ముందు గైడు సార్‌ను ఇంటి దగ్గర దించండి. కవరు చేతికిచ్చి, లోపలి దాకా పోయి, వాళ్లింట్లో ఇచ్చే మజ్జిగ తాగి రండి. మా సార్ ఆ రోజు కవరు జేబులో పెట్టుకుని, నా చేతిలో మిగిలిన కాగితాలు తీసుకుని, చదువుతూ కూర్చున్నారు. పెన్ను తీసి రెండు అచ్చుతప్పులు దిద్దారు. నేను చెప్పులు వేసుకుంటుంటే, ‘నాయనా, ఈసారి జిరాక్స్ నేనే తీయిస్తాలే’ అన్నారు.